తొలిచిన బిళ్ల పారేయకండి

చెన్నైలోనూ చుట్టుపక్కలా ఫైబర్ బోట్లు కట్టే యార్డుల యజమానులకు, ఆ బోట్లకు తనిఖీ, రిజిస్ట్రేషన్ కాగితాలు ఇచ్చే అధికారులకు, అప్పోసప్పో చేసి సొంత తెరచాప బోటు కట్టించుకుంటున్నవాళ్లకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. మేం అడిగేది ఒక్కటే. గీసిన బోటూ కట్టిన బోటూ ఒకటేనని చూపించే కాగితం యార్డు ఇవ్వాలి. ఈ మాటే ఇంగ్లిషులో ఒకసారి, తమిళంలో ఒకసారి రాసి పంపాం. రెండింటికీ జవాబు రాలేదు. ఒకచోట మాత్రం "ఎన్నో ఏళ్లుగా కడుతున్నాం, ఎవరూ ఫిర్యాదు చేయలేదు" అని నోటిమాటగా చెప్పి పంపారు. మునిగిన బోటు తిరిగొచ్చి ఫిర్యాదు చేయదు కదా! అందుకే ఇప్పుడు అందరికీ కనబడేలా రాస్తున్నాం. తెలుగులోనే ఎందుకంటే, మీ షెడ్లలో రోలరు పట్టేవాళ్లలో నెల్లూరు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లున్నారు. డబ్బు కట్టేవాళ్లలోనూ మనవాళ్లున్నారు.

మన దేశంలో కట్టడం చేతకాదని మేం అనడం లేదు. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968-69లో ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టి వచ్చిన 32 అడుగుల సుహైలీ బొంబాయిలో టేకుతో కట్టిన బోటే. గోవాలో నేవీ కోసం కట్టిన తెరచాప బోటు మాదేయి మీద దిలీప్ దొండే 2009-10లో, అభిలాష్ టోమీ 2012-13లో ప్రపంచం చుట్టారు. అదే డ్రాయింగుతో, అదే యార్డులో కట్టిన తారిణి మీద ఆరుగురు నేవీ మహిళలు 2017-18లో 254 రోజుల్లో తిరిగొచ్చారు. వాళ్లలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఇద్దరు తెలుగువాళ్లు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మాదేయి కట్టినన్నాళ్లూ దానిని నడపబోయే మనిషే యార్డులో పక్కన నిలబడి ఉన్నాడు. చెన్నైలో గిండీలోనో ఓఎంఆర్‌లోనో ఉద్యోగం చేసుకునే మనిషికి ఆ వీలు ఉండదు. ఆయన ఆదివారం వచ్చి చూసేసరికి శుక్రవారం జరిగిన తప్పు మీద శనివారం మరో పొర పడి ఉంటుంది. బయట జెల్ కోటు అనే పూత మాత్రం అద్దంలా మెరుస్తుంది.

చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ 730 నాటికల్ మైళ్లు దాటుతుంది. గంటకు 5 మైళ్ల చొప్పున నడిస్తే ఆరు రోజుల ప్రయాణం, మధ్యలో దిగడానికి చోటు లేదు. ఆ ఆరు రోజులూ దృష్టిలో పెట్టుకుని కింది విషయాలు చదవండి.

1. కీల్. బోటు పడుకోకుండా నిలబెట్టేది అడుగున ఉండే ఈ బరువే. ఒక 10 మీటర్ల బోటు తీసుకుందాం. మొత్తం బరువు 5500 కిలోలు, అందులో కీల్‌లో 2000 కిలోల సీసం అని డ్రాయింగు చెబుతుంది. సీసం ఖరీదు ఎక్కువ, పోతపోయడం కష్టం, పొగ విషం. అందుకని బోలుగా ఉన్న ఫైబర్ కీల్‌లో ఇనప తుక్కు నింపి, సందుల్లో సిమెంటో, ఫైబర్‌ను అతికించే రెజిన్ జిగురో పోసి మూసేస్తున్నారు. లెక్క చూడండి. 2000 కిలోల సీసం పట్టే చోటు 0.176 ఘనపు మీటర్లు. తుక్కు ఎంత గట్టిగా కూరినా ఘనపు మీటరుకు 5000 కిలోలు రావడమే గొప్ప. అంటే ఆ చోటులో పట్టేది సుమారు 880 కిలోలు. సగం కంటే ఎక్కువ బరువు ఎగిరిపోయింది. కొందరు తేడా పూడ్చడానికి బోటు లోపలి అడుగున, బిల్జిలో ఇసుక బస్తాలు పడేస్తారు. బస్తా పైన ఉంటుంది, కీల్ కింద ఉంటుంది. ఆ రెండు బరువులూ ఒకే పని చేయవు.

తుక్కుతో ఇంకో చిక్కు, సందుల్లో మిగిలిన గాలి. కీల్ ఎక్కడో రాయికి తగిలి ఫైబర్ వెంట్రుకంత చీలితే ఉప్పునీరు లోపలికి దిగుతుంది. ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి కీల్ గోడలను లోపలి నుంచి చీలుస్తుంది. బయటికి తుప్పు మరక కనిపించేనాటికి లోపల పని అయిపోయి ఉంటుంది.

బోల్టులతో బిగించే కీల్‌కు గండం వేరు. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టే కదా అని ధీమా పడతారు. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టకుండా నిలబడేది గాలి తగులుతున్నంత సేపే. సీలెంటు కింద, కీల్‌కీ బోటు పొట్టకీ మధ్య, నీరు నిలిచి గాలి ఆడని చోట అదే బోల్టు పురుగు తిన్నట్టు గుంటలు పడుతుంది. పైన నట్టు తళతళలాడుతూ ఉంటుంది, రెండంగుళాల కింద సన్నబడి ఉంటుంది. 2014 మే నెలలో అట్లాంటిక్ మధ్యలో చీకీ రఫీకీ అనే బోటు కీల్ ఊడి తలకిందులైంది. నలుగురూ పోయారు. కాబట్టి బోల్టు ఎంత మందమో చెబితే సరిపోదు. నట్టు కింద ప్లేటు ఎంత, దాని కింద అడ్డదూలాలు ఎన్ని, అవి పొట్టకు ఎలా అతికాయి, ఇవన్నీ ఫొటోలతో కావాలి.

2. పొరలు. చెన్నైలో రెజిన్ పని చేయడం అంటే వాతావరణంతో రోజూ పేచీయే. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో 40 డిగ్రీలు ఉంటుంది. పది డిగ్రీలు పెరిగితే రెజిన్ గడ్డకట్టే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. బకెట్టులోనే గట్టిపడుతోందని మేస్త్రి, రెజిన్‌ను గట్టిపరచడానికి కలిపే క్యాటలిస్టును తగ్గిస్తాడు. కంపెనీ చెప్పేది సాధారణంగా 1 నుంచి 2 శాతం. ఒక శాతం కిందికి దిగితే పైకి గట్టిపడినట్టే ఉంటుంది గానీ ఎన్నాళ్లయినా పూర్తిగా పండదు. తగ్గించాల్సింది క్యాటలిస్టు కాదు, పని వేళ. తెల్లవారుజామున మొదలుపెట్టి పదింటికి ఆపాలి, చిన్న బకెట్లు కలపాలి, లేదంటే ఆలస్యంగా గడ్డకట్టే వేసవి రకం రెజిన్ తెప్పించాలి.

నవంబరులో కథ తిరగబడుతుంది. వానగాలికి గాజు నారతో చేసిన మ్యాటు, రోవింగు చుట్టలు తేమ పీలుస్తాయి. ఆ తేమ పొరల మధ్య తెల్లటి మచ్చలుగా మిగిలిపోతుంది, అక్కడ అతుకు ఉండదు. చుట్టలను మూసిన గదిలో, రాత్రంతా రెండు బల్బులు వెలిగించి ఉంచితే సగం బాధ తీరుతుంది. గదిలో తేమ కొలిచే మీటరు పెద్ద ఖర్చేమీ కాదు. 80 శాతం దాటిన రోజు పని ఆపండి.

ఇక రెజిన్ పాళ్లు. మ్యాటులో గాజు బరువు మూడో వంతు, రోవింగులో సగానికి దగ్గరగా ఉండాలి. రోలరు సరిగా పట్టకపోతే బుడగలు మిగులుతాయి, బుడగలు కనబడకుండా రెజిన్ గుమ్మరిస్తారు. గుమ్మరించిన రెజిన్ బలం ఇవ్వదు, బరువు పెంచుతుంది, పెళుసుగా విరుగుతుంది. బయటి జెల్ కోటు 0.5, 0.6 మిల్లీమీటర్లు ఉండాలి. మందంగా పూస్తే మంచిదనుకోవడం పొరపాటు, ఎండకు సాలెగూడులా పగుళ్లు పడతాయి. దాని వెనక మొదటి రెండు పొరలకైనా నీటిని బాగా తట్టుకునే ఐసోఫ్తాలిక్ గానీ వినైల్ ఎస్టర్ గానీ, ఈ రకం రెజిన్ వాడండి. అక్కడ చవక రెజిన్ వాడితే కొన్నేళ్లలో నీటి గీత కింద బొబ్బలు లేస్తాయి. గుచ్చి చూస్తే పుల్లటి వెనిగర్ వాసన వస్తుంది.

ఇదంతా పని అయిపోయాక తేల్చలేమని మీరు అంటారు. తేల్చవచ్చు, ఖర్చు కూడా లేదు. సింకుకు, టాయిలెట్టుకు, ఇంజను నీళ్లకు పొట్టలో రంధ్రాలు తొలుస్తారు. హోల్ సా తో తొలిస్తే గుండ్రటి బిళ్ల ఊడొస్తుంది. దాన్ని ఇప్పుడు చెత్తలో పడేస్తున్నారు. ఆ బిళ్ల మొత్తం పొట్టకు మచ్చుతునక. స్లయిడ్ క్యాలిపరుతో మందం చూడండి. తూకం వేసి, ల్యాబులో 600 డిగ్రీల దగ్గర కాల్చండి. రెజిన్ కాలిపోతుంది, గాజు మిగులుతుంది. 30 గ్రాముల బిళ్లలో 12 గ్రాముల గాజు మిగిలితే మ్యాటు, రోవింగు కలిపి చేసిన పని బాగున్నట్టే. 8 గ్రాములే మిగిలితే డబ్బు రెజిన్‌కు పోయింది. కాలిన బిళ్లలో పొరలు పుస్తకం పేజీల్లా విడివిడిగా వస్తాయి. డ్రాయింగులో 7 అని ఉంటే 7 లెక్కపెట్టుకోవచ్చు.

3. బరువు. ఇందులో యార్డుల తప్పు కంటే కట్టించుకునేవాళ్ల తప్పు ఎక్కువ అన్నది మా అభిప్రాయం. డ్రాయింగు ఖరారయ్యాక ఏసీ కావాలంటారు, ఏసీ కోసం జనరేటరు, జనరేటరు కోసం ఇంకో డీజిల్ ట్యాంకు, చివరికి వంటగదిలో గ్రానైటు. ఈ 10 మీటర్ల బోటు సముద్రపు నీటిలో సెంటీమీటరు దిగడానికి దాదాపు 170 కిలోలు చాలు. 700 కిలోలు పెరిగితే 4 సెంటీమీటర్లు దిగుతుంది. నీటి గీత మునిగిందంటే రంగు పైకి జరిపి వేస్తే పోతుందనుకోకండి. బోటు నడిపేవాళ్లు కూర్చునే కాక్‌పిట్‌లో పడిన నీళ్లు బయటికి పోవు, ఇంజను పొగ గొట్టం నీటికి దగ్గరవుతుంది, టాయిలెట్టులోకి నీరు వెనక్కి తన్నుతుంది. ఎత్తులో పెట్టిన బరువు ఇంకా చేటు. తెరచాప కట్టే మాస్టు మీద, గురుత్వ కేంద్రానికి 12 మీటర్ల పైన 10 కిలోలు తగిలిస్తే మొత్తం బోటు గురుత్వ కేంద్రం 2 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది.

దీనికి రెండు పరీక్షలున్నాయి. నీళ్లలో దించేటప్పుడు ఎలాగూ క్రేన్ పిలుస్తారు. హుక్కుకు వేలాడదీసే తూకం ఆ రోజుకు అద్దెకు తెచ్చి అంకె రాసుకోండి. రెండోది ఒరిగింపు పరీక్ష. గాలి లేని ఉదయం, తాళ్లు వదులు చేసి, డెక్ (బోటు పై తలం) మధ్యలో ఉన్న 150 కిలోలను 1.2 మీటర్లు పక్కకు జరపండి. లోపల 2 మీటర్ల దారానికి తాపీమేస్త్రి గుండు కట్టి, అది ఊగకుండా నూనె గిన్నెలో మునిగేలా వేలాడదీయండి. బోటు డ్రాయింగులో ఉన్నట్టే ఉంటే గుండు 65 మిల్లీమీటర్ల దరిదాపుల్లో జరుగుతుంది. 90 జరిగితే ఎక్కడో బరువు పైకి పోయిందని అర్థం. బోట్ల నిలకడకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12217 ప్రకారం 5500 కిలోల తెరచాప బోటు మహాసముద్రానికి పనికొస్తుందని రాయాలంటే 119 డిగ్రీల దాకా ఒరిగినా మళ్లీ లేవగలగాలి. ఆ లెక్క కట్టిన బోటు బరువుతో వేయాలి. బ్రోషరులోని బరువుతో వేస్తే అది లెక్క కాదు.

4. సీకాక్‌లు. అంటే పొట్టలోని రంధ్రాలకు బిగించే వాల్వులు. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఇత్తడి బాల్ వాల్వు నీటి గీత కింద పెట్టకండి. ఉప్పునీటిలో ఇత్తడిలోని జింకు కరిగిపోయి రాగి గుల్ల మిగులుతుంది. గీరితే గులాబీ రంగులో కనిపిస్తుంది, కాలితో తంతే విరిగిపోతుంది. కంచువి పెట్టండి, గొట్టానికి రెండేసి 316 క్లిప్పులు వేయండి. నీటికి 60 సెంటీమీటర్ల కింద ఒక అంగుళన్నర గొట్టం ఊడితే నిమిషానికి సుమారు 140 లీటర్లు లోపలికి వస్తాయి. డబ్బా మీద గంటకు 2000 గ్యాలన్లు అని రాసిన పంపు కాగితం మీదే నిమిషానికి 126 లీటర్లు తోడుతుంది. ఎత్తుకు తోడేటప్పుడు అదీ రాదు. ప్రతి సీకాక్ పక్కన సరిపడా కొయ్య బిరడా దారంతో కట్టి ఉంచండి.

5. డెక్ రంధ్రాలు. లోపల బాల్సాగానీ ఫోమ్‌గానీ ఉన్న డెక్‌కు నేరుగా స్క్రూ దింపితే నీరు దిగి బాల్సా కుళ్లుతుంది. పెద్ద రంధ్రం తొలిచి, ఎపాక్సీతో పూడ్చి, అది ఆరాక మధ్యలో మళ్లీ తొలవాలి. తాడు కట్టే క్లీట్ల కింద వాషరు సరిపోదు, ప్లేటు పెట్టాలి. 2016లో వార్దా, 2023లో మిచౌంగ్ తుపాన్లు చూసిన ఊరికి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

6. ప్లైవుడ్. మెరైన్ అని స్టాంపు ఉంటే చాలదు, భారతీయ ప్రమాణం ఐఎస్ 710 గుర్తు చూడండి. అనుమానముంటే ముక్క కోసి 72 గంటలు ఉడకబెట్టండి. ఆ ప్రమాణం అడిగే పరీక్ష అదే. ఇంకొకటి. పార్టిషన్ ప్లైని పొట్టకు అతికించే పట్టీలు, పొట్ట పూర్తిగా ఆరిపోయిన వారానికి వేస్తే, 40 నంబరు గరుకు కాగితంతో గీకకుండా అతకవు. మొదటి గట్టి అలకు టేపులా లేచొస్తాయి.

7. చుక్కాని. లోపలి స్టీలు రెక్కలకు వేసిన వెల్డింగు మూసేశాక ఎవరికీ కనబడదు. మూసే ముందు ఫొటో తీయండి. చక్రం పాడైతే చుక్కానిని తిప్పడానికి వాడే విడి కర్ర, టిల్లరు, బోటులో ఉంటుంది గానీ, సగం బోట్లలో దాన్ని తగిలించి చూస్తే సీటుకో చక్రం నిలబెట్టిన పెడస్టల్‌కో తగులుతుంది. తారిణి అంతటి బోటు కూడా స్టీరింగు ఇబ్బందితో మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది.

8. మీ పనివాళ్లు. ముక్కుకు కట్టిన రుమాలు రెజిన్ నుంచి వచ్చే స్టైరీన్ ఆవిరిని ఆపదు, కార్బన్ క్యాట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి. రెజిన్ త్వరగా గడ్డకట్టడానికి వేసే కోబాల్టునూ క్యాటలిస్టునూ నేరుగా కలిపితే పేలుతుంది. ఆ రెండు డబ్బాలు ఒకే అరలో చూశాం, అదీ ఒక్కచోట కాదు. క్యాటలిస్టు చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్లద్దాలు ఇవ్వండి, కుళాయి దగ్గర్లో పెట్టండి. రోజు కూలికి వచ్చిన పిల్లవాడికి ఈ సంగతులు ఎవరూ చెప్పడం లేదు.

9. డబ్బు. పీఎఫ్ తీసో, ఊళ్లో స్థలం అమ్మో కట్టేవాళ్లున్నారు. సగంలో యార్డు మూతపడితే, బ్యాంకువాళ్లు షెడ్డుతో పాటు సగం కట్టిన పొట్టకూ తాళం వేస్తారు. ఆ పొట్ట ఎవరిదని ఒప్పందంలో రాసి ఉండదు.

ఇది సరదా బోట్లవాళ్ల గోల అని అధికారులు అనుకోవచ్చు. ఆ షెడ్డులోనే, ఆ మేస్త్రి చేతే, ఆ రెజిన్ డ్రమ్ము నుంచే చెన్నై చేపల రేవు కాశిమేడు మత్స్యకారుడి బోటూ తయారవుతుంది. 2004 సునామీ తర్వాత హడావుడిగా పంచిన ఫైబర్ బోట్లలో నాసిరకంవి ఎన్ని ఉన్నాయో తీరం పొడవునా అందరికీ తెలుసు. ఒక తెరచాప బోటు పొర ఊడితే ఒక కుటుంబం సెలవులు పాడవుతాయి. వేటబోటు పొర ఊడితే ఇల్లు గడవదు.

కాబట్టి మా డిమాండ్లు ఇవి.

యార్డులకు:

ఒకటి, ప్రతి బోటుకూ ఒక నిర్మాణ పుస్తకం ఉంచండి. రోజూ తేదీ, షెడ్డులో వేడి, తేమ, ఆ రోజు వేసిన పొరలు, రెజిన్ బ్యాచ్ నంబరు, క్యాటలిస్టు శాతం, మేస్త్రి సంతకం. నూరు పేజీల నోటుబుక్కు చాలు.

రెండు, కీల్ మూసే ముందు, చుక్కాని మూసే ముందు, సీలింగు పలకలు బిగించే ముందు, మూడుసార్లు యజమానినిగానీ ఆయన పంపిన సర్వేయరునుగానీ పిలవండి. రెండు రోజుల ముందు చెప్పండి. కీల్‌లో ఏం పోశారో, ఎన్ని కిలోలు పోశారో రాసివ్వండి. తూకం రసీదు జతచేయండి.

మూడు, బార్కోల్ మీటరుతో పొట్ట గట్టిదనం చూసి, రెజిన్ కంపెనీ చెప్పిన అంకెలో 90 శాతం రాకపోతే బోటును నీళ్లలో దించకండి.

కట్టించుకునేవాళ్లకు: డబ్బు నెలల లెక్కన కాకుండా దశల లెక్కన ఇవ్వండి. ఇచ్చిన ప్రతి వాయిదాతో ఆ మేరకు పొట్ట, ఇంజను మీ పేరుకు మారుతుందని ఒప్పందంలో రాయించండి. చివరి పది శాతం, సముద్రంలో తెరచాపతో రెండు రోజులు నడిపి చూసే దాకా మీ దగ్గరే ఉంచండి. డ్రాయింగు ఖరారయ్యాక ఏం కావాలన్నా ముందు డిజైనరును అడిగి బరువు తెలుసుకోండి. గ్రానైటు మాట మరిచిపోండి.

అధికారులకు: పూర్తయిన బోటు చుట్టూ ఒకసారి తిరిగి సంతకం పెట్టే పద్ధతి మానండి. కట్టే దశలో ఒక్క తనిఖీ అయినా పెట్టండి. నిర్మాణ పుస్తకం, క్రేన్ తూకం, ఒరిగింపు పరీక్ష కాగితం లేకుండా సముద్రయానపు కాగితం ఇవ్వకండి. అదే పద్ధతిని, పొరల మందం వరకైనా, వేటబోట్లకూ పెట్టండి. సబ్సిడీ ఇచ్చే బోట్లకు ముందుగా పెట్టండి.

ఈశాన్య రుతుపవనం మొదలయ్యేలోపు మీ జవాబు కోసం ఎదురుచూస్తాం. నిర్మాణ పుస్తకం నమూనా, ఒరిగింపు పరీక్ష చేసే విధానం తెలుగులోనూ తమిళంలోనూ మేమే రాసి ఇస్తాం. షెడ్డుకు వచ్చి చూపిస్తాం కూడా, ఫీజు అడగం. ఈలోపు కనీసం ఒక్కటి రేపటి నుంచే మొదలుపెట్టండి. రంధ్రం తొలిచినప్పుడు ఊడిన బిళ్లను కవర్లో వేసి, ఏ రంధ్రానిదో పైన స్కెచ్ పెన్నుతో రాసి, బోటు తాళాలతో పాటు ఇవ్వండి.

ఇట్లు,
చెన్నైలో తెరచాప బోట్ల డిజైన్, సర్వే పనుల్లో ఉన్న కొందరు తెలుగువాళ్లం